ఆ ఫొటోలో కొండ ఉంది

సంపాదకులకు నమస్కారం.

మొన్నటి ఆదివారం అనుబంధంలో కెనడా ఆకురాలు కాలం గురించి రెండు పేజీల వ్యాసం వేశారు. వ్యాసం బాగానే ఉంది. నా పేచీ అంతా దాని నడుమ అర పేజీ మేర వేసిన ఫొటోతోనే. కుంకుమ రాశులు పోసినట్టు ఎర్రటి మేపుల్ అడవి, వెనక నీలిరంగు కొండ, కొండ పాదాన చెరువు. కింద ‘విన్నిపెగ్ శివార్లలో శరత్తు’ అని రాశారు. నేను ఆరేళ్లుగా ఈ విన్నిపెగ్‌లోనే ఉంటున్నాను. పొద్దున కాఫీ తాగుతూ ఈ-పేపరు తెరిచి, ఆ ఫొటో చూసి, మా ఆవిడను పిలిచాను. ఆమె కళ్లజోడు సవరించుకుని చూసింది. ‘ఈ కొండను ఎక్కడి నుంచి తెచ్చారు?’ అంది.

విన్నిపెగ్‌లో కొండ లేదండీ. చెప్పుకోదగ్గది ఒక దిబ్బ. దానికి వెస్ట్‌వ్యూ పార్కు అని మర్యాదైన పేరు పెట్టారు గాని, ఊరంతా పిలిచేది చెత్త కొండ అనే. ఒకప్పుడు ఊరి చెత్త పోసిన చోటును మట్టితో కప్పి గడ్డి పెంచారు. శీతాకాలంలో పిల్లలు దాని మీది నుంచి జారుడు చెక్కల మీద కూర్చుని జారుతారు. మాకున్న ఎత్తు అంత. మీరు వేసిన కొండ ఈ దేశంలో తూర్పు వైపు ఎక్కడిదో అయి ఉంటుంది. ఆ ఎర్ర మేపుల్ కూడా అక్కడిదే. దాని సంగతి తర్వాత చెబుతాను.

నేను ముప్ఫై మూడేళ్లు సర్వేయరుగా పనిచేసి రిటైరైన మనిషిని. గొలుసు లాగడం, లెవెల్ పట్టడం, సర్వే రాయి ఎవరు పీకి ఎక్కడ పాతారో వెతకడం నా బతుకు. పొలం గట్టు జానెడు జరిగితే అన్నదమ్ములు తలలు పగలగొట్టుకునే చోట పనిచేసినవాణ్ణి కాబట్టి, ఏ కాగితం చూసినా ముందు నా కళ్లు మూడు విషయాలు వెతుకుతాయి: ఏ చోట నిలబడి చూశారు, ఏ దిక్కుకు చూశారు, ఏ తేదీన చూశారు. ఈ మూడూ లేని కొలత కొలతే కాదు. ఫొటో విషయంలోనూ నా పట్టుదల అదే. చాదస్తం అనుకున్నా సరే.

మేము 2019 సెప్టెంబరులో మా అమ్మాయి దగ్గరికి వచ్చాం. వచ్చిన నెలకే, అక్టోబరు రెండో వారంలో, ఈ ఊరి వాళ్లే నోళ్లు వెళ్లబెట్టిన మంచు తుఫాను చూశాం. చెట్ల మీద ఇంకా ఆకు ఉంది. ఆకు మీద తడి మంచు పడింది. ఆకు రాలిన కొమ్మ అయితే మంచును జారవిడుస్తుంది, ఆకున్న కొమ్మ గిన్నె పట్టినట్టు పట్టుకుంటుంది. రాత్రంతా టపటపమని కొమ్మలు విరుగుతూనే ఉన్నాయి. నాకు తుపాకీ కాల్పుల్లా వినిపించింది. పొద్దున వీధి నిండా పచ్చటి కొమ్మలు, వాటి మీద తెల్లటి మంచు. ఊళ్లో వేలాది చెట్లు దెబ్బతిన్నాయి. మా అల్లుడు తన పాత కెమెరా నా చేతిలో పెట్టి, ‘మామయ్యా, మీకు పొద్దుపోవడానికి’ అన్నాడు. అప్పటి నుంచి పొద్దు పోతూనే ఉంది.

మొదటి ఏడాది కనపడ్డదల్లా తీశాను. వేల ఫొటోలు. ఒక్కదానికీ మరొకదానితో పొత్తు లేదు. రెండో ఏడాది బుద్ధి వచ్చి పాత పద్ధతికి దిగాను. ఊళ్లో ఐదు స్టేషన్లు నిర్ణయించుకున్నాను. స్టేషన్ అంటే రైలుది కాదు, సర్వేలో పరికరం నిలబెట్టే చోటు. ట్రైపాడ్ మూడు కాళ్లు ఎక్కడ ఆనాలో రాసుకున్నాను. లెన్సు ఒకటే. కెమెరా ఎత్తు నేల నుంచి నాలుగున్నర అడుగులు, ఎప్పుడూ అంతే. ఏ దిక్కుకు తిప్పాలో దిక్సూచి డిగ్రీల్లో ఫీల్డు బుక్కులో ఎక్కించాను. సర్వేలో గొలుసు పట్టే మనిషిని చైన్‌మన్ అంటాం. ఇక్కడ ఆ ఉద్యోగం మా ఆవిడకు దక్కింది. కొలత తెలియడానికి ప్రతి ఫొటోలోనూ ఒకే చోట ఆమె నిలబడాలి. ఆమె ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం అని అందులోనే రాసుకున్నాను. ఆ వివరం మీ పత్రికకు రాయవద్దని ఆమె అంది. తప్పదు, కొలత కొలతే.

ఇలా చేయడం వల్ల నాకు మొదట అర్థమైనది రుతువులు కాదు, నీడలు. విన్నిపెగ్ దాదాపు 50 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. డిసెంబరు 21న సూర్యుడు ఎంత పైకి వచ్చినా పదిహేడు డిగ్రీలకు మించడు. ఆ రోజు మధ్యాహ్నం పన్నెండున్నరకు, అంటే ఇక్కడి అసలు మిట్టమధ్యాహ్నానికి, ఐదున్నర అడుగుల నా నీడ పద్దెనిమిది అడుగులు పడింది. జూన్ 21న గడియారం గంట ముందుకు జరిపి ఉంటుంది కాబట్టి ఒకటిన్నరకు కొలిచాను. మూడు అడుగులు లేదు. పగలు డిసెంబరులో ఎనిమిది గంటలు, జూన్‌లో పదహారు గంటలకు పైనే. సూర్యుడు కుంకే చోటు కూడా ఒకటి కాదు. జూన్‌లో నడి పడమర నుంచి 38 డిగ్రీలు ఉత్తరానికి, డిసెంబరులో 38 డిగ్రీలు దక్షిణానికి జరుగుతుంది. చెట్టూ పుట్టా అడ్డం లేని దిగంతం కాబట్టి ఈ ప్రయాణమంతా కంటితో చూడవచ్చు. ఒకే గోడ మీద ఒకే గంటకు రెండు వేరు వేరు దిక్కుల నుంచి వెలుగు పడుతుంది. ఇంత తేడా ఉన్న ఊరిని ఒక్క ఫొటోలో పెట్టి కింద పేరు రాయడమంటే, ఒక్క రోజు అడంగలు చూసి ఆ రైతు జీవితం చెప్పినట్టు ఉంటుంది.

నా మొదటి స్టేషన్ సెయింట్ బోనిఫేస్ చర్చి ఎదురుగా, ఎర్ర నదికి తూర్పు గట్టున. 1908 నాటి రాతి కట్టడం అది. 1968 జులై 22న కాలిపోయింది. పడమటి ముఖం, గోడలు మాత్రం మిగిలాయి. వాటి లోపల తర్వాత చిన్న చర్చి కట్టుకున్నారు. ముందున్న రాతి ముఖం నడుమ పెద్ద గుండ్రటి కిటికీ ఉంటుంది. అద్దాలు పోయి ఉత్త వలయమే మిగిలింది. ఆ వలయంలో ఎప్పుడూ ఆకాశమే కనిపిస్తుంది. నేను తీసేది ఆ వలయాన్నే. జనవరిలో అందులో పింగాణీ లాంటి లేత నీలం ఉంటుంది. జులై సాయంత్రం తొమ్మిదింటికి దానిలో ఉరుముల మబ్బు సగం నిండి ఉంటుంది, రాతి ముఖం మీద మాత్రం ఎండ కొడుతూ ఉంటుంది. 2025 వేసవిలో అడవులు తగలబడి, మే నెలాఖరుకు మా మనిటోబా రాష్ట్రమంతా అత్యవసర పరిస్థితి ప్రకటించారు. ఆ వేసవి పొగ పట్టిన ఒక రోజు తీసిన ఫొటోలో వలయం నిండా తోమని రాగి చెంబు రంగు. అదే కిటికీ, అదే దిక్కు, అదే లెన్సు.

ఆ చర్చి ఆవరణలోనే మేతీల నాయకుడు లూయీ రియల్ సమాధి ఉంది. మేతీలంటే ఇక్కడి ఆదివాసులకూ ఐరోపా వాళ్లకూ కలిగిన సంతతి. ఆయన పేరు చదివిన రోజు నాకు కొంచెం సిగ్గు వేసింది. 1869 అక్టోబరు 11న కెనడా ప్రభుత్వం పంపిన సర్వేయర్లు ఇక్కడి మేతీ ప్రజల భూముల్లో కొలతలు మొదలుపెడితే, రియల్, ఆయనతో వచ్చినవాళ్లు గొలుసును తొక్కి పట్టి పని ఆపించారు. ఆ గొలుసు మనం వాడిన గంటర్ గొలుసే, 66 అడుగులది. మేతీల పొలాలు నది ఒడ్డు నుంచి వెనక్కి పొడుగ్గా, పట్టీల్లా ఉండేవి, అందరికీ నీటి అంచు దక్కేలా. పై నుంచి వచ్చినవాళ్లు దాన్ని లెక్కచేయకుండా మైలు చదరాలు గీయబోయారు. తర్వాత జరిగిన గొడవలోంచే 1870లో మనిటోబా రాష్ట్రం పుట్టింది. రియల్‌ను 1885లో రెజీనాలో ఉరితీశారు. నా సర్వీసులో నా గొలుసునూ ఇద్దరు ముగ్గురు తొక్కారు. వాళ్లను నేను తిట్టాను. ఇప్పుడు ఏటా నాలుగుసార్లు ఆయన సమాధి పక్కగా నడిచి వెళ్లి ట్రైపాడ్ నిలబెడతాను.

ఈ కథ ఫొటోలోనూ కనిపిస్తుంది. ఊరి లోపల వీధులు నది మెలికల్ని, పాత పట్టీల్ని బట్టి వంకర తిరిగి ఉంటాయి. ఊరు దాటగానే 1871లో మొదలైన కొత్త సర్వే గీతలు, మైలుకొక అడ్డగీత, చెస్ పలకలా. ఆ తూర్పు-పడమర రోడ్ల మీద మార్చి 20 ప్రాంతంలో, సెప్టెంబరు 22 ప్రాంతంలో నిలబడితే సూర్యుడు సరిగ్గా రోడ్డు చివర దిగుతాడు. రోడ్డు వేసినవాడి పని ఎంత నిక్కచ్చిగా ఉందో సూర్యుడే తనిఖీ చేసి సంతకం పెట్టినట్టు ఉంటుంది. నేను కళ్లు చెమర్చే రకం కాదు. ఆ ఫొటో తీసిన రోజు మాత్రం కాసేపు కారెక్కలేదు.

రెండో స్టేషన్ ఫోర్క్స్ దగ్గర, అసినిబోయిన్ నది పడమర నుంచి వచ్చి ఎర్ర నదిలో కలిసే చోట. విన్నిపెగ్ అనే మాట ఇక్కడి ఆదివాసుల క్రీ భాషలో బురద నీళ్లనే అర్థం నుంచి వచ్చింది. ఎవరు పెట్టారో గాని నిజాయితీగా పెట్టారు. వసంతం ఇక్కడ పూలతో రాదు, మట్టితో వస్తుంది. ఏప్రిల్‌లో మంచు కరిగితే కింద, జారకుండా రోడ్ల మీద చల్లిన ఐదు నెలల ఇసుక, ఒంటరి చేతి తొడుగులు, కుక్కల నిర్వాకం, అన్నీ బయటపడతాయి. ఈ రుతువును ఎవరూ ఫొటో తీయరు. నాకు మాత్రం ఇదే ఇష్టం, ఎందుకంటే ఊరు ఎందుకు ఇలా ఉందో చెప్పేది ఇదొక్కటే.

ఎర్ర నది ఉత్తరానికి పారుతుంది. అంటే దక్షిణాన, అమెరికా వైపు మంచు ముందు కరిగి నీళ్లు బయలుదేరుతాయి. దిగువన ఉత్తరంలో నది ఇంకా గడ్డకట్టే ఉంటుంది. వచ్చిన నీరు ముందున్న మంచు పలకల మీద పేరుకుంటుంది. పైగా నేలకు వాలు లేదు. మంచుయుగం చివర అగాసీ అనే మహా సరస్సు ఇక్కడ నిలిచి, ఎండి, అడుగున మిగిల్చిన ఒండ్రు మీద ఈ ఊరు కూర్చుంది. నది లోయలో వాలు మైలుకు అడుగు కూడా ఉండదు. నా లెవెల్ పరికరంతో చూస్తే నవ్వొచ్చేంత చదును. మట్టి నల్లగా, తడిస్తే చెప్పులు ఊడబెరికేంత జిగట, ఎండితే చేయి దూరేంత నెర్రెలు. నల్లరేగడి తెలిసినవాడికి వేరే చెప్పనక్కరలేదు. ఇక్కడి ఇళ్ల పునాది గోడలు పగిలేది కూడా ఆ ఉబ్బడం, కుంచించుకుపోవడం వల్లే.

1950 వరదకు ఈ ఊళ్లో సుమారు లక్ష మంది ఇళ్లు వదిలి వెళ్లారు. ఆ తర్వాత డఫ్ రాబ్లిన్ అనే ప్రీమియర్, అంటే ఇక్కడి ముఖ్యమంత్రి, ఊరి చుట్టూ తూర్పుగా 47 కిలోమీటర్ల వరద కాలువ తవ్వించాడు. 1962లో మొదలుపెట్టి 1968కి పూర్తిచేశారు. డబ్బు దండగ అని అప్పట్లో దాన్ని ‘డఫ్ గారి గుంట’ అని వెక్కిరించేవాళ్లట. 1997లో మహా వరద వచ్చినప్పుడు ఊరిని ఆ గుంటే కాపాడింది. వెక్కిరింపు పేరు అలాగే ఉండిపోయింది గాని, ఇప్పుడు దాన్ని గర్వంగా అంటారు. మామూలు రోజుల్లో అది ఉత్త గడ్డి పల్లం. తెలియనివాడు చూసి ఎవరో రోడ్డు వేయబోయి మానేశారనుకుంటాడు. వరద వచ్చిన ఏడాది ఏప్రిల్‌లో అందులో నది పారుతుంది. 2022 మే నెలలో ఫోర్క్స్ దగ్గర నా రెండో స్టేషన్‌కు వెళితే, మా ఆవిడ నిలబడే చోటు నీళ్లలో ఉంది. నది ఒడ్డు నడక దారి మొత్తం మునిగింది. పక్కనున్న దీపస్తంభం సగం వరకు నీళ్లు. ఆ ఫొటోలో ఆమె లేదు. ఆమె ఉండాల్సిన చోట ఒక దుంగ తేలుతోంది. ‘ఇది నాకంటే పొడుగ్గా ఉంది’ అని ఆమె విమర్శ.

వేసవి గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే వేసవి ఫొటోలు ఎవరైనా తీస్తారు. దోమల సంగతి కూడా వదిలేస్తున్నాను. మూడో స్టేషన్ వూల్స్లీ పేటలో, మేము ఉండే వీధిలోనే. రెండు వైపులా ఎల్మ్ చెట్లు పైన కలుసుకుని పందిరి వేస్తాయి. మన నెమలినార చెట్టుది ఇదే కుటుంబం. రెక్క తొడిగిన బిళ్ల లాంటి గింజ చూడగానే నేను పోల్చుకున్నాను. 1975లో ఈ ఊరికి ఎల్మ్ తెగులు వచ్చింది. బెరడు తొలిచే పురుగు మోసుకొచ్చే బూజు అది. రోగం సోకిన చెట్టుకు మునిసిపాలిటీ వాళ్లు నారింజ రంగు చుక్క పెడతారు. చుక్క పడిందంటే కొట్టేస్తారని అర్థం. ఆరేళ్ల నా ఫొటోలు వరసగా పెట్టి చూస్తే పందిరిలో కంతలు ఒక్కొక్కటిగా పెరగడం కనిపిస్తుంది. 1957లో ఈ పేటలోనే వీధి నడుమ ఉన్న ఒక ఎల్మ్‌ను కొట్టడానికి మనుషులు వస్తే, ఇక్కడి ఆడవాళ్లు చెట్టు చుట్టూ చేరి అడ్డుకున్నారట. చిప్కో కంటే ముందు! జూన్‌లో మరో వింత ఉంది. కాటన్‌వుడ్ చెట్ల దూది ఎగిరి కాలిబాటల పక్కన పేరుకుంటుంది. ఆ ఫొటో చూపి ‘ఇదే నెల?’ అని అడిగితే అందరూ నవంబరు అంటారు. మన బూరుగ దూది అనుకోండి, కాకపోతే వీధి వీధంతా.

ఇక మీ ఎర్ర మేపుల్.

కెనడా జెండా మీద ఉన్న ఆకు ఎర్రది కాబట్టి కెనడా అంతటా ఆకు ఎర్రబడుతుందని లోకం నమ్ముతోంది. ఆ ఎరుపు ఇచ్చే మేపుల్ అడవులు తూర్పు రాష్ట్రాలవి, ఇక్కడి దాకా రావు. ఇక్కడి ఎల్మ్, యాష్, ఆస్పెన్, చివరికి మనిటోబా మేపుల్ అని పేరున్న చెట్టు కూడా, పసుపుకే తిరుగుతాయి. పసుపు వన్నె ఆకులో మొదటి నుంచీ ఉంటుంది. పచ్చదనం తగ్గగానే పైకి తేలుతుంది, అంతే. ఎరుపును మాత్రం ఆకు ఆ రోజుల్లో కొత్తగా తయారు చేసుకోవాలి. మా చెట్లకు ఆ ఓపిక లేదు. కాబట్టి అక్కడక్కడా తోటల్లో నాటినవి తప్పిస్తే విన్నిపెగ్ శరత్తు అంటే పసుపు. పెళ్లింట్లో పసుపు దంచి తిరగబోసినట్టు పది పన్నెండు రోజులు ఉంటుంది. ఆ తర్వాత ఏదో ఒక రాత్రి ఈదురు గాలి లేస్తుంది, పొద్దునకు అన్నీ మోడులే. ఆ పది పన్నెండు రోజుల్లో జలుబు చేసి పడుకున్నానంటే ఏడాది పోయినట్టే. 2023లో అలాగే పోయింది.

ఎరుపు బొత్తిగా లేదని అనను. అది కావాలంటే తల ఎత్తకూడదు, దించాలి. నా నాలుగో స్టేషన్ ఊరి పడమటి భాగంలో ఉన్న లివింగ్ ప్రెయిరీ మ్యూజియం. మ్యూజియం అంటే భవనం అనుకోకండి, పన్నెండు హెక్టార్ల గడ్డి. ఎప్పుడూ నాగలి తగలని నేల. చుట్టూ ఇళ్లు, బడి. ఒకప్పుడు ఈ ప్రాంతమంతా నిలువెత్తు గడ్డి ఉండేది. మనిటోబాలో దానిలో నూరో వంతు కూడా మిగల్లేదు. అందులో బిగ్ బ్లూస్టెమ్ అనే గడ్డి ఉంది. సెప్టెంబరు చివరికి అది పాత ఇత్తడిలో కొంచెం వక్కపొడి కలిపినట్టు ఎర్రబారుతుంది. సూర్యుడు వెనక ఉండగా మోకాళ్ల మీద కూర్చుని తీస్తే ఒక్కొక్క పరక అంటుకున్నట్టు ఉంటుంది. నా కెమెరా ఎత్తు నాలుగున్నర అడుగులు అనే నియమాన్ని నేను తప్పేది ఆ ఒక్క చోట. మీ వ్యాసంలో ఎర్రటి ఫొటో వేసి తీరాలనే పట్టుదల ఉంటే, వేయవలసింది ఆ గడ్డిది.

శీతాకాలం గురించి మీ వ్యాసం ‘ఎటు చూసినా తెల్లదనం’ అంది. రాసినవారు ఇక్కడి మంచును చూసి ఉండరు. మంచు నీడ తెల్లగా ఉండదు, నీలంగా ఉంటుంది, ఎందుకంటే ఎండ తగలని చోట దాన్ని వెలిగించేది నీలి ఆకాశం. సాయంత్రం నాలుగున్నరకు సూర్యుడు కుంకే ముందు మంచు మీద గులాబీ, దాని పక్కనే నీలం, రెండూ ఒకే దిబ్బ మీద ఉంటాయి. కెమెరాకు ఈ సంగతి తెలియదు. అందులో వెలుగును కొలిచే మీటరు లోకమంతా సగటున బూడిద రంగని అనుకుంటుంది. మంచును దాని ఇష్టానికి వదిలేస్తే నిజంగానే బూడిద చేసి ఇస్తుంది. ఎక్స్‌పోజర్, అంటే ఫొటోకు అందే వెలుగు మోతాదు, ఒకటి, ఒకటిన్నర స్టాపులు (మెట్లు) పెంచాలి. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. మొదటి శీతాకాలం ఫొటోలన్నీ పొయ్యి బూడిదలా వచ్చాయి.

మైనస్ ముప్ఫైలో నేర్చుకున్న పాఠాలు ఇంకా ఉన్నాయి. బ్యాటరీ చూస్తుండగానే చచ్చిపోతుంది, కాబట్టి రెండోదాన్ని చొక్కా లోపలి జేబులో, ఒంటికి ఆనించి ఉంచుకోవాలి. ట్రైపాడ్ ఇనుప కాలును ఒట్టి చేత్తో పట్టుకోకూడదు. కంటి దగ్గర కెమెరా పెట్టి ఊపిరి వదిలితే వెనక అద్దం మీద మంచు పూత పట్టేస్తుంది, ఊపిరి బిగబట్టి తీయాలి. అన్నిటికంటే పెద్ద పాఠం నా మొదటి కెమెరాను తిన్నది. బయట గంట సేపు తిరిగి, నేరుగా వెచ్చటి ఇంట్లోకి తెచ్చి బల్ల మీద పెట్టాను. ఐదు నిమిషాల్లో ఫ్రిజ్‌లోంచి తీసిన సోడా బుడ్డిలా చెమర్చింది, లోపల కూడా. మరి బతకలేదు. ఇప్పుడు బయటే జిప్ సంచిలో పెట్టి, గాలి పోకుండా మూసి, ఇంట్లోకి తెచ్చి రెండు గంటలు ముట్టుకోను. చెమట సంచికి పడుతుంది. మా అల్లుడు ఏమీ అనలేదు. పండుగకు మరో కెమెరా కొనిచ్చి, దాంతో పాటు ఓ డజను జిప్ సంచులు కూడా ఇచ్చాడు.

ఇంత చలిలో బయటికి పోవడం ఎందుకు అంటారా? నిరుడు జనవరిలో ఒక పొద్దున చెత్త కొండ ఎక్కాను. అది నా ఐదో స్టేషన్. ఊరు చూడటానికి నాకు దొరికిన ఎత్తు అదే. గాలి లేదు. ఊళ్లో ప్రతి ఇంటి పొగగొట్టం నుంచీ ఆవిరి నిలువుగా, తూకం వేసినట్టు పైకి లేస్తోంది. గాలిలో కంటికి కనపడీ కనపడని మంచు రేణువులు మిలమిలలాడుతున్నాయి. సూర్యుడికి అటొకటి ఇటొకటి వెలుగు మచ్చలు, ఇంద్రధనుస్సు అంచుతో. ఆరు పలకల మంచు రేణువుల్లో వెలుగు వంగడం వల్ల వచ్చేవి అవి, సూర్యుడు కిందుగా ఉన్నప్పుడు దాని నుంచి దాదాపు 22 డిగ్రీల దూరంలో నిలుస్తాయి. చేయి బారుగా చాపి బొటనవేలి నుంచి చిటికెన వేలికి జాన పెడితే దాదాపు అంతే. పెట్టి చూశాను, సరిపోయింది. జీవితమంతా కోణాలు కొలిచినవాడికి ఆకాశం తనే ఓ కోణం గీసి చూపిస్తే ఎలా ఉంటుందో మీరు ఊహించుకోండి. మా ఆవిడ కొండ కింద కారులో హీటరు వేసుకుని కూర్చుని, ఫోను చేసి, ‘మూడు సూర్యుళ్లు వచ్చారు, ఇక దిగండి, ఒకడికే తట్టుకోలేకపోతున్నాం’ అంది.

ఇప్పుడు అసలు విన్నపం. ఈ ఊరి పాత ఫొటోగ్రాఫర్ ఎల్.బి. ఫుట్ 1919 సార్వత్రిక సమ్మెను ఫొటోలు తీశాడు. ఇక్కడి ప్రభుత్వ ఆర్కైవ్స్‌లో అవి ఉన్నాయి. ఆ సమ్మెలో జూన్ 21న గుర్రాల మీది పోలీసులు మెయిన్ స్ట్రీట్‌లో జనం మీదికి వచ్చారు, ఇద్దరు చనిపోయారు. నూరేళ్ల తర్వాత కూడా ఆ కాలపు ఫొటోల ముందు జనం ఆగి చూస్తున్నారంటే, అది ఏ వీధో, ఏ రోజో తెలుసు కాబట్టే. తేదీ, చోటు ఊడిపోతే అది ఉత్త గుంపు. మీ పత్రిక అయినా, మరో పత్రిక అయినా, ఇంటర్నెట్‌లో దొరికిన అందమైన బొమ్మ తెచ్చి ఏదో ఒక ఊరి పేరు తగిలిస్తే, ఆ ఊరిలో ఉండేవాడికి అది తన పట్టాలో వేరేవాడి పొలం సర్వే నంబరు పడ్డట్టు ఉంటుంది. ఫొటో కింద ఊరు, నెల, తీసినవారి పేరు వేయండి. తెలియకపోతే ఊరి పేరు వేయకండి. స్థలం ఎంత పడుతుంది? ఒక్క వరుస.

ఈ ఉత్తరంతో ఐదు ఫొటోలు పంపుతున్నాను. స్టేషన్‌కు ఒకటి. ప్రతిదాని అంచున తేదీ, గంట, నిలబడిన చోటు, చూసిన దిక్కు ఉన్నాయి. వేస్తే వేయండి, వేయకపోయినా బాధ లేదు. వేసేటప్పుడు స్థలం చాలలేదని పైన ఆకాశం కత్తిరించకండి. ఈ ఊరి ఫొటోలో ఆకాశం తీసేస్తే మిగిలేది రోడ్డు. చివరిది సెయింట్ బోనిఫేస్ చర్చి ముందు జనవరిలో తీసినది. అందులో మంచు నడుమ ఎర్రగా కనిపించేది మేపుల్ కాదు, మా ఆవిడ కోటు.

ఇట్లు,
ఒక విశ్రాంత సర్వేయరు,
విన్నిపెగ్, మనిటోబా